ధ్యాస గాదె

బడి నుంచి ఫోనొచ్చేసరికి దమయంతి సర్వర్ గదిలో ఉంది.

విశాఖపట్నంలో ఒక మందుల కంపెనీ ప్రధాన కార్యాలయం అది. కంపెనీకి పైడిభీమవరం, నాయుడుపేట, జడ్చర్లతో కలిపి ఐదు ఊళ్ళలో ప్లాంట్లున్నాయి. ఎదురుగా గోడ మీద ఐదు తెరలు, ఒక్కో తెర మీద ఒక్కో ప్లాంటు విశ్రాంతి గది. తలకి సన్నటి నల్ల పట్టీలు కట్టుకుని మనుషులు కుర్చీల్లో వెనక్కి వాలి ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూడట్లేదు.

“తరణి వాళ్ళ అమ్మగారేనాండీ? పాప ఉయ్యాల మీంచి పడిందండి. కంగారేం లేదు, మోచెయ్యి కొంచెం...” అంటోంది టీచరు.

దమయంతి నోరు తెరిచేలోగా ఐదు తెరల మీదా మనుషులు లేచి నిలబడ్డారు.

ఎవరూ వాళ్ళని పిలవలేదు. గంట మోగలేదు. నాయుడుపేటలో ఒకావిడ కొక్కేనికి తగిలించిన బ్యాగు తీసి భుజాన వేసుకుని గబగబా తలుపు దాకా వెళ్ళింది. ఇంకొకాయన తన మోచెయ్యి తనే పట్టుకుని మొహం చిట్లించాడు. కాసేపటికి ఎందుకు లేచారో తెలియనట్టు ఒకరి మొహాలొకరు చూసుకుని, సిగ్గుపడుతున్నట్టుగా మళ్ళీ కూర్చున్నారు.

అన్ని గదుల్లోనూ లేవనిది దమయంతి ఒక్కతే.

“సరేనండీ. కట్టు కట్టించండి. వాళ్ళ నాన్నకి చెప్తాను,” అని ఫోను పెట్టేసింది. తన గొంతు తనకే ఎవరి గొంతులాగో వినిపించింది. తరణి తనకి ఒక్కగానొక్క కూతురు. ఆరో ఏడు నడుస్తోంది. దానికి దగ్గొస్తే తెల్లారేదాకా కూర్చునే మనిషి తను. ఇప్పుడు చెయ్యి విరిగిందో లేదో కూడా అడగలేదు.

ఆ పట్టీల వెనక ఒక కథ ఉంది.

ఇంజెక్షన్ మందు సీసాల్లో నింపాక ఒక్కో సీసానీ దీపం ముందు తిప్పి చూడాలి. లోపల నలుసున్నా, గాజు మీద వెంట్రుకంత బీటున్నా తీసి పక్కన పెట్టాలి. ఆ పని యంత్రాలు చేస్తాయి గానీ వాటి కళ్ళు గప్పి పోయేవి కొన్ని ఉంటాయి. వాటికి మనిషి కన్నే దిక్కు. మనిషితో వచ్చిన చిక్కేమిటంటే, కాసేపయ్యేసరికి కన్ను సీసా మీదే ఉంటుంది, మనసు ఊరంతా తిరిగొస్తుంది.

ఈ చిక్కు మీదే ఏళ్ళ తరబడి పనిచేసింది డాక్టర్ పాణిగ్రాహి. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన మనిషి. యాభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు, ప్రయోగశాలే ఇల్లు. ఆమె కనిపెట్టిందేమిటంటే, ధ్యాస అనేది మాటవరసకి అనుకునేది కాదు, ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి ఇవ్వదగ్గ వస్తువు. విశ్రాంతి గదిలో కూర్చున్నవాడికి కాసేపు దానితో పనిలేదు. ఆ కాసేపూ అతని ధ్యాస పట్టీలోంచి బయల్దేరి, సీసాల ముందు అలసిపోయిన మనిషి పట్టీలోకి వెళుతుంది. చూపు తనదే, ధ్యాస అరువుది. పనయ్యాక ఎవరిది వాళ్ళకి తిరిగొస్తుంది.

పాణిగ్రాహి దీన్ని ప్లాంటుకొక చిన్న సర్వరుతో, ఇద్దరిద్దర్ని జోడీలుగా పెట్టి నడిపింది. కంపెనీకి అది చాల్లేదు. ఎక్కడ ఎవరికి ఏ పని, ఆ పనికి ఎవరి ధ్యాస అన్నది ఐదు ఊళ్ళకీ కలిపి ఒక్కచోటి నుంచే నడవాలన్నారు. ఆ ప్రణాళిక సర్వర్ల పని చూసే దమయంతి చేతికొచ్చింది.

దమయంతి పనిమంతురాలు. ప్లాంటుకొక సర్వరుంటే షిఫ్టు చివర అందరూ ఒక్కసారే అలసిపోతారు, ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగలదు. అదే విశాఖలో ఒక్క పెద్ద సర్వరు పెట్టి షిఫ్టుల్ని అటూ ఇటూ జరిపితే, జడ్చర్లలో కళ్ళు లాగేవేళకి నాయుడుపేటలో విశ్రాంతి. ప్రతి ప్లాంటుకీ వేర్వేరు దారుల్లో రెండేసి లైన్లు వేయించింది, రోడ్డు తవ్వకాల్లో ఒకటి తెగినా రెండోది ఉండేలా. రెండూ పోతే జనం వెర్రిచూపులు చూస్తూ ఉండిపోకుండా, పాత చిన్న సర్వర్లని అత్యవసరానికి అట్టేపెట్టింది.

ఒక్కచోట మాత్రం పని ముందుకు సాగలేదు. ఎవరి ధ్యాస ఎవరిదో గుర్తుపెట్టి, వెతికి, తిరిగి ఇవ్వడానికి రెప్పపాటు ఆలస్యమయ్యేది. ఆ రెప్పపాటులో సీసా దాటిపోయేది. సమావేశంలో ఆపరేషన్స్ హెడ్ చలపతిరావు తేల్చేశాడు.

“గుర్తులెందుకమ్మా? డెయిరీలో పాలు పోసినవాడు సాయంత్రం వచ్చి మా గేదె పాలే మాకివ్వమని అడుగుతాడా? కొలత సరిపోతే చాలు.”

పాణిగ్రాహి కనుబొమలు ముడిచింది. కాదనడానికి ఆమె దగ్గర రుజువు లేదు. దమయంతి కూడా కాదనలేదు. గుర్తులు తీసేశారు. అందరి ధ్యాసా ఒక్కచోట పోసి, కావలసినవాళ్ళకి కొలిచి ఇవ్వడమే ఇక. ఆ పెద్ద సర్వరుకి ‘గాదె’ అని పేరు పెట్టింది పాణిగ్రాహే, కొంచెం వెటకారంగా.

ఖాళీ గాదెని పరీక్షించడం కుదరదు. ముందు ఎవరిదో ఒకరి ధ్యాస అందులో పొయ్యాలి. ప్రణాళిక తనది కాబట్టి దమయంతే పట్టీ కట్టుకుంది. ఆ వేసవంతా రోజూ కట్టుకుంది. తరణికి ఉబ్బసం మొదలైంది ఆ వేసవిలోనే. ఒళ్ళు సర్వర్ గదిలో, ప్రాణం ఇంట్లో అన్నట్టు కూర్చునేది.

వానలు మొదలయ్యాక ఐదు ప్లాంట్లనీ గాదెకి కలిపారు. అప్పట్నుంచి ఒక్క నలుసు సీసా కూడా గేటు దాటలేదు. కంపెనీలో మిఠాయిలు పంచారు.

* * *

తరణి చేతికి పచ్చటి కట్టు వేశారు. సాయంత్రం దమయంతి ఇంటికొచ్చేసరికి పిల్ల సోఫాలో దిండు మీద చెయ్యి పెట్టుకుని కూర్చునుంది. దమయంతి భర్త శశిభూషణ్ పోర్టు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. కూతురికి ఇడ్లీ తుంచి పెడుతున్నాడు.

“ఎముక చిట్లిందట. నీకు చేసిన ఫోన్లన్నీ ఏమయ్యాయి?” అన్నాడు.

“పనిలో ఉన్నాను.”

“పిల్ల చెయ్యి విరిగితే పనేంటి దమయంతీ?”

దమయంతి బ్యాగు పక్కన పెట్టింది. కూతురి పక్కన కూర్చుంది. జుట్టు సవరించింది. ఎలా సవరించాలో చేతికి తెలుసు. పిల్ల ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది.

“అమ్మా, నాకేసి చూడవా?”

“చూస్తూనే ఉన్నాను కదమ్మా.”

“ఊహూఁ,” అంది తరణి. తండ్రివైపు జరిగింది.

ఆ మాటకి తల్లి గుండె గుబుక్కుమనాలి. దమయంతి తన గుండె కోసం వెతుక్కుంది. పక్కింటి పిల్ల దెబ్బ తగిలించుకుంటే ఎంత జాలేస్తుందో అంత జాలి తగిలింది, అంతే. భయమేసింది ఆమెకి. పిల్ల గురించి కాదు, తన గురించి.

మర్నాడు పాణిగ్రాహికి అంతా చెప్పింది. తెరల మీద జనం లేచి నిలబడ్డదీ, తను లేవనిదీ. పాణిగ్రాహి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“ప్లాంటుకి పోదాం,” అంది చివరికి. “తెర మీద కాదు, ఎదురుగా కూర్చుని చూడాలి.”

* * *

పైడిభీమవరం వెళ్ళిన రోజునే శశిభూషణ్ కూతుర్ని తీసుకుని పలాసలో చెల్లెలింటికి రైల్లో బయల్దేరాడు. దసరా సెలవులు. ఇంట్లో ఎవరో ఒకరు పిల్లని చూసుకోవాలి కదా అన్నాడు, కొంచెం కటువుగానే.

విశ్రాంతి గదిలో ఇరవైమంది దాకా ఉన్నారు. గోడవారన స్టూళ్ళ మీద పాణిగ్రాహీ దమయంతీ కూర్చున్నారు. చల్లటి గాలి, ఫినాయిలు వాసన, ఎక్కడో యంత్రం హోరు. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరి మొహాలూ కుడిపక్క గోడవైపు తిరిగి ఉన్నాయి. ఆ గోడ మీద ఏమీ లేదు.

“అటు ఏముంది?” అంది పాణిగ్రాహి.

“నైరుతి మేడమ్. విశాఖ.”

కూర్చోగా కూర్చోగా దమయంతికి ఒక సంగతి తెలిసొచ్చింది. మొహాలు అక్కడే లేవు. పొద్దుతిరుగుడు పూలు తిరిగినట్టు, కదులుతున్నట్టే తెలియకుండా, అన్నీ ఒక్క తీరున తిరుగుతున్నాయి. పడమర గోడ మీదికి వచ్చాయి. వాయవ్యం మూలకి వచ్చాయి. కొందరికి మెడ ఇక తిరక్క భుజాలు తిప్పారు, తర్వాత కుర్చీలో ఒళ్ళంతా తిప్పారు. ఎవరి కంట్లోనూ చూపు లేదు. పెదవుల మీద మాత్రం, కిటికీ పక్క సీటులో కూర్చున్న పిల్లని చూస్తే వచ్చేలాంటి చిరునవ్వు.

చూస్తూండగానే మొహాలు ఉత్తరం దాటి ఈశాన్యం వైపు నిలిచాయి.

అప్పుడు దమయంతి ఫోను మోగింది.

“చీపురుపల్లి దగ్గరే ఆపేశాడు. గంట నుంచి కదల్లేదు,” అన్నాడు శశిభూషణ్. “పిల్ల విసిగిపోతోంది. చెల్లాయికి ఆలస్యమవుతుందని చెప్పు.”

దమయంతి ఫోను దించి పాణిగ్రాహికి చెప్పింది. చీపురుపల్లి ఆ గదికి వాయవ్యాన ఉంది. రైలు అక్కడే ఉంది. మొహాలు మాత్రం రైలు వేళ ప్రకారం ఈపాటికి ఎక్కడుండాలో అక్కడికి వెళ్ళిపోయాయి. ఆమె ఆ కబురు విన్నాక ఇప్పుడు మెల్లిగా వెనక్కి, వాయవ్యానికి తిరుగుతున్నాయి.

“అయితే వీళ్ళు చూసేది పాపని కాదు,” అంది పాణిగ్రాహి నెమ్మదిగా. “నీ మనసులో ఉన్న పాపని. ఆ రైలు ఏ వేళకి ఎక్కడుంటుందో నీకు తెలుసు కదూ?”

“తెలుసు. పెళ్ళైన దగ్గర్నుంచీ తిరుగుతున్న రైలే. కానీ మేడమ్, ఫోనొచ్చేదాకా అసలు రైలు సంగతే నాకు గుర్తులేదు.”

“నీకెలా ఉంటుంది? గుర్తుంచుకునేది నీ దగ్గర లేదు. గాదెలో ఉంది. పాప గురించి నీ చెవిన పడ్డదంతా అక్కడికే పోతోంది.”

విశ్రాంతి అయిపోయి జనం సీసాల దగ్గరికి వెళ్ళారు. అద్దం ఇవతల నిలబడి చూశారిద్దరూ. ఒక పడుచు, పాతికేళ్ళుంటాయేమో, సీసాని దీపం ముందుకి ఎత్తి పట్టుకుంది. తిప్పింది. దాని మెడ దగ్గర బొటనవేలితో తాకింది, జ్వరం చూసినట్టు. ఆ తర్వాతి సీసానీ అలాగే. ఒక్క నలుసు ఎందుకు దాటిపోవట్లేదో దమయంతికి అర్థమైంది.

ఆ పడుచు పేరు అసిరితల్లి. పని దిగాక క్యాంటీన్లో పలకరించారు. పిల్లలా అని దమయంతి అడగ్గానే ఆమె మొహం వాడిపోయింది.

“ఒక బాబమ్మా. మూడేళ్ళు. ఏటో మరి, ఆడ్ని సూత్తే ఎవులి పిల్లడో అన్నట్టుంతాది నాకు. ఎత్తుకుంతాను, అన్నం ఎడతాను. కల్లు మూసీసరికి ఆడు కాదు, ఓ ఆడపిల్ల వొస్తాది. ముందుపల్ల మజ్జిన సందు. దగ్గుతాది. ఆ పిల్ల దగ్గితే నా పేనం పోతాది. ఎవులో నాకు తెల్దు.” గొంతు తగ్గించింది. “మొన్న మా బాబుని తరణీ అని పిలిసాను. మా అత్త దిష్టి తీయించినాది.”

దమయంతి కప్పు కింద పెట్టేసింది. ఆ ముందుపళ్ళ సందు తరణిది. ఆ దగ్గు తరణిది.

* * *

“గాదెలో గింజ మొలకెత్తితే ఏమవుతుందో చూశావా ఎప్పుడైనా?” అంది పాణిగ్రాహి, ప్రయోగశాలకి తిరిగొచ్చాక. “చుట్టూ ఉన్న గింజల్ని వేళ్ళతో అల్లేసుకుంటుంది. అందరిదీ గింజల్లా పడుంది, నీది మొలకెత్తింది. ఆ వేసవంతా ఒక్కదానివే పోశావు. అదీ బిడ్డ ఊపిరాడక ఇదైపోతుంటే. దానికంటే బలమైన ధ్యాస లోకంలో ఉండదు. ఇప్పుడు అందులోంచి ఎవరికి ఎంత కొలిచి ఇచ్చినా, దాంతోపాటు నీ కూతురు వెళుతుంది.”

“తిరిగి తీసుకోలేమా?”

“రెండు దార్లున్నాయి. గాదెని మూసేసి, ఉన్నదంతా పాత చిన్న సర్వర్ల మీంచి ఎవరి కొలత వాళ్ళకి ఇచ్చెయ్యడం ఒకటి. ఎవరిది ఎవరికి పోతుందో చెప్పలేను. చాలామందికి వాళ్ళది వాళ్ళకే చేరొచ్చు, నీళ్ళు పల్లం వెతుక్కున్నట్టు. నీది మాత్రం ముక్కలవదు. ఎవరో ఒక్కరికి మొత్తంగా పోతుంది. రెండోది, వరసలో మొదట నిన్ను పెట్టడం. గాదె నిండుగా ఉండగా లాగితే నీది నీకు తప్పకుండా వస్తుంది. కాకపోతే దాని వేళ్ళకి చుట్టుకుని వాళ్ళవి కూడా వస్తాయి. ఐదు ప్లాంట్లలోని మూడువందలమంది ఇంకెప్పటికీ దేని మీదా మనసు పెట్టలేరు. బతికుంటారు. విశ్రాంతి గదిలో చూశావే, అలా.”

చలపతిరావు రెండు దార్లనీ ఒప్పుకోలేదు. చెడ్డవాడు కాదతను. అతని బల్ల మీద మనవడి ఫొటో ఉంటుంది.

“ఈ నాలుగు నెలల్లో మన సీసాలతో టీకాలు వేయించుకున్న పసిపిల్లలెందరో తెలుసా దమయంతీ? ఒక్కరికీ ఏమీ కాలేదు. ఒక తల్లి చూసినట్టు చూస్తున్నారు ఒక్కో సీసానీ. అంతకంటే ఏం కావాలి మనకి?”

“వాళ్ళ పిల్లల్ని వాళ్ళు చూసుకోవట్లేదు సర్.”

“రేపు నువ్వు గాదె మూశాక ఒక నలుసు దాటిపోయి ఏ పిల్లకైనా ఏమన్నా అయితే? జవాబు ఎవరు చెప్తారు?”

“నేనే చెప్తాను,” అంది దమయంతి. ఏ సర్వరు ఎప్పుడు ఆపాలో, పని ఎటు మళ్ళించాలో తేల్చే అధికారం ఆ ప్రణాళికలో ఆమెదే. చలపతిరావుకి ఆ సంగతి తెలుసు. తల పట్టుకుని కూర్చున్నాడు.

ఆ ఆదివారం శశిభూషణ్ పలాస నుంచి వచ్చాక అంతా చెప్పింది. అతను మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. విని, బాల్కనీలో ఆరేసిన తరణి గౌన్లు ఒక్కొక్కటే తీసి మడతపెట్టాడు.

“వరసలో నువ్వే మొదట ఉండు,” అన్నాడు.

“మూడువందలమంది శశీ.”

“నాకు వాళ్ళెవరూ తెలీదు. ఆ గదిలో పడుకున్న పిల్ల తెలుసు. రోజూ నన్నడుగుతోంది, అమ్మ ఎప్పుడొస్తుందని. నువ్వు వంటింట్లో ఉండగానే అడుగుతోంది. ఏం చెప్పను?” మడతపెట్టిన గౌనే విప్పి మళ్ళీ మడతపెట్టాడు. “నీకు బాధ తెలియట్లేదు కాబట్టి తేలిగ్గా మాట్లాడుతున్నావు.”

నిజమే. తను పోగొట్టుకోబోయేది ఎంతటిదో తెలుసుకునే మనసే తన దగ్గర లేదు. గుడ్డివాడు దీపం దానం చేసినట్టు. ఆ మాటే పైకి అంటే శశిభూషణ్ లేచి లోపలికి వెళ్ళిపోయాడు. దమయంతి తరణి గది గుమ్మంలో నిలబడి, నోరు తెరుచుకుని నిద్రపోతున్న పిల్లని చూసింది. ఏమైనా కదులుతుందేమోనని చాలాసేపు చూసింది. కదిలింది ఒక్కటే, అసిరితల్లి చెప్పిన మాట. ఎవులి పిల్లడో అన్నట్టుంతాది. ఆ మూడేళ్ళ బాబు కూడా ఏ గుమ్మంలోకో చూస్తూ ఇలాగే అడుగుతూ ఉంటాడు.

* * *

మంగళవారం మధ్యాహ్నం, అన్ని షిఫ్టుల వాళ్ళనీ పిలిపించగా, ఐదు ప్లాంట్లలో అందరూ పట్టీలు కట్టుకుని కూర్చున్నారు. పరీక్ష అని చెప్పారు వాళ్ళకి. సర్వర్ గదిలో దమయంతి వరస పెట్టింది. ముందు పైడిభీమవరం, చివర జడ్చర్ల. ఆ తర్వాత, అందరికంటే చివర, తన పేరు.

“ఇంకోసారి ఆలోచించుకో,” అంది పాణిగ్రాహి.

“మీరు నా చోట ఉంటే?”

“నాకు అలా అట్టేపెట్టుకోవలసినవాళ్ళు ఎవరూ లేరమ్మా. నన్నడక్కు.”

దమయంతి పని మొదలుపెట్టింది. గాదెలో ఉన్నది తగ్గుతూ వచ్చింది. మొదటి తెర మీద జనం ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు, నీళ్ళలోంచి పైకి తేలినట్టు. అసిరితల్లి పట్టీ పీకి పారేసి, గది మధ్యలో నిలబడి రెండు చేతులతోనూ నోరు మూసుకుంది. తర్వాత పరుగెత్తింది. కెమెరాకి శబ్దం లేదు. అయినా ఏ పేరు పిలుస్తూ పరుగెత్తిందో ఆ పెదవుల మీద తెలుస్తూనే ఉంది. అది తరణి కాదు.

నాయుడుపేటలో ఒకాయన వెక్కివెక్కి ఏడ్చాడు. ఇద్దరాడవాళ్ళు కావలించుకున్నారు. కొందరు మాత్రం అరచేతులు చూసుకుంటూ, ఎవరి ఇంట్లోకో పొరపాటున వచ్చినవాళ్ళలా కూర్చున్నారు. చివరికి జడ్చర్ల అయింది.

ఇక మిగిలిన కాస్తా దమయంతి పట్టీలోకి వచ్చింది. పాణిగ్రాహి ఆమె చెయ్యి పట్టుకుంది.

“తరణిని తలుచుకో. ఏమైనా తెలుస్తోందా?”

దమయంతి కళ్ళు మూసుకుంది. ఒక మోటారు కనిపించింది. పొలంలో బావి దగ్గర, రేకు కప్పిన చిన్న గదిలో, నీళ్ళ మోటారు. దాన్ని ఆపానో లేదో అన్న ఆదుర్దా.

“నాకు పొలం లేదు మేడమ్,” అంది కళ్ళు తెరిచి.

* * *

కంపెనీ పట్టీల్ని మూలపడేసింది. మనుషులకి పని గంటలు తగ్గించి, ఎక్కువమందిని పెట్టుకుంది. ఆ శీతాకాలంలో ఒక సీసా దాటిపోయింది. నర్సు చూసి పక్కన పెట్టేసింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. దానికి సంజాయిషీ రాసి ఇచ్చి దమయంతి ఉద్యోగం మానేసింది. పాణిగ్రాహి ఇచ్ఛాపురం వెళ్ళిపోయింది.

దమయంతి ఇంట్లోనే ఉండి కూతురికి అన్నీ చేసేది. మందు పీల్పించేది, జడ వేసేది, కథలు చదివేది. పొద్దు వాలేసరికి మాత్రం ఉన్నట్టుండి లేచి నిలబడేది, మోటారు ఆపాలని. ఎక్కడికి వెళ్ళాలో తెలియక గది మధ్యలో ఆగిపోయేది. తరణి తల్లిని అక్కడి నుంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. పిల్లకి అది అలవాటైపోయింది. అలవాటైపోవడం చూసి శశిభూషణ్ మొహం తిప్పుకునేవాడు.

ఫాల్గుణంలో ఒక ఉదయం తలుపు తట్టిన చప్పుడైంది. శశిభూషణ్ తీశాడు. గుమ్మంలో ముప్ఫయ్యేళ్ళ లోపు మనిషి, చేతిలో సంచి, ప్రయాణపు బడలిక.

“నా పేరు చెన్నకేశవులు సార్. జడ్చర్ల ప్లాంటుల చేస్త. పాణిగ్రాహి మేడాన్ని బతిమాలి మీ అడ్రస్ తీస్కున్న.” అతను లోపలికి చూడకుండా ఉండలేక చూస్తున్నాడు. “పాప మంచిగున్నదా సార్? వారం సంది దగ్గు ఎక్కువైతదని మనసుల కొడుతున్నది. చలి పోయి ఎండ వచ్చే దినాలల్ల ఎక్కువైతది కద.”

దగ్గు నిజంగానే వారం నుంచి ఎక్కువగా ఉంది. శశిభూషణ్ పక్కకి జరిగి దారిచ్చాడు.

తరణి బొమ్మలు పరుచుకుని నేల మీద కూర్చునుంది. తలెత్తి చూసింది. కొత్తవాళ్ళని చూస్తే తండ్రి కాళ్ళ వెనక దాక్కునే పిల్ల, లేచి తిన్నగా అతని దగ్గరికి నడిచింది. ఎదురుగా నిలబడింది. ఎన్నాళ్ళో ఎండకి మొహం వాచినవాళ్ళు నిలబడ్డట్టు అతని చూపులో కాసేపు నిలబడింది. తర్వాత నోరు తెరిచి ఊడబోతున్న పన్ను చూపించింది.

చెన్నకేశవులు మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చేశాడు. తరణి తన గౌను అంచు పట్టుకుని అతని చెంప తుడిచింది.

దమయంతి వంటింటి గుమ్మంలోంచి అంతా చూసింది. టీ పెట్టి తెచ్చింది. అతను గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు.

“నాకింక పెండ్లి గాలేదమ్మా. పసిపిల్లని ఎత్తుకున్న పాపాన పోలే ఏనాడు. పట్టీల పరీక్షయిన తెల్లారి పొద్దుగాల లేస్తే గిది ఎద మీద కూసున్నది. తినేటప్పుడు గిదే, పండేటప్పుడు గిదే. మెట్లు కనవడితే పడ్తదేమో, కుక్క కనవడితే కరుస్తదేమో అని భయం. మా అమ్మ దెయ్యం పట్టిందంటది.” అతను తలెత్తి దమయంతిని చూశాడు. ఆ చూపులో కోపం లేదు. “గింత బరువు ఎట్ల మోసిన్రమ్మా మీరు?”

దమయంతి జవాబు కోసం నిజంగానే వెతుక్కుంది.

“తెలీదు,” అంది. “నాకు గుర్తులేదు.”

తరణికి దగ్గు తెర వచ్చింది. చెన్నకేశవులు ఆ పిల్లని పక్కకి తిప్పి వీపు రాశాడు, పైనుంచి కిందికి, అరచెయ్యి డొప్పగా చేసి. దగ్గు సర్దుకుంది. శశిభూషణ్ గోడకానుకుని చూస్తున్నాడు. ఆ రాయడం ఎవరిదో అతనికి తెలుసు.

దమయంతి వచ్చి వాళ్ళెదురుగా నేల మీద కూర్చుంది.

“చెప్పండి,” అంది.

“ఏం జెప్పాలమ్మా?”

“దీని సంగతి. మీకు తెలిసిందంతా. పుట్టిన దగ్గర్నుంచీ.”

చెన్నకేశవులు పిల్లవైపు చూసుకున్నాడు.

“పుట్టంగనే ఏడ్వలే. సప్పుడు లేదు. మీకు పానం పోయినంత పనైంది. నర్సమ్మ అరికాలు మీద కొట్టింది. అప్పుడు ఏడుపు కాదు, తుమ్మింది ముందుగాల. మీకు నవ్వొచ్చింది. నవ్వుకుంటనే ఏడ్చిన్రు.”

“నేను తుమ్మానా?” అంది తరణి.

“ఆఁ, తుమ్మినవ్ బిడ్డా.”

ఆసుపత్రి గుర్తుంది దమయంతికి. నర్సు గుర్తుంది. ఆ తుమ్ము కూడా గుర్తుంది, ఎవరో చెప్పగా విన్న కబురులా. అప్పుడు నవ్వొచ్చిన సంగతి మాత్రం ఇప్పుడే వింటోంది.

“ఇంకా?” అంది.

అతను చెప్తున్నాడు. తరణి అతని మోకాలి మీద గడ్డం ఆనించి వింటోంది. దమయంతి చెయ్యి చాచి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక, కూతురి పాదం మీద వేసింది. పాదం చల్లగా ఉంది. తియ్యలేదు చెయ్యి.

“ఇంకా చెప్పండి,” అంది.